‘రాత్రంతా ఏడవనే లేదు’: పసికందు జబ్బు ఆశమ్మ కంట ఎలా పడుతుంది?

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో బాలింత ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త పోతే తరచూ వినపడే మాట ఒకటుంది. “మావోడు బంగారమమ్మా, రాత్రంతా ఏడవనే లేదు, కదలకుండా పండుకోనుండాడు” అంటుంది అవ్వ. చెప్పేటప్పుడు ముఖంలో గర్వం కూడా ఉంటుంది. బాలింతకూ సంతోషమే, కాన్పయ్యాక మొదటిసారి కాస్త కన్ను మూసింది కదా. కానీ ఆశమ్మ గుండె దడ అనాల్సింది సరిగ్గా ఈ మాట దగ్గరే. ఐదు రోజుల బిడ్డ రాత్రంతా ఏడవలేదంటే రాత్రంతా పాలు కూడా తాగలేదేమో, తాగాలని దానికి అనిపించనే లేదేమో, అనిపించినా అడిగే ఓపిక లేదేమో.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పసికందు అడిగే తీరు ఏడుపొక్కటే. జబ్బు చేసిన పెద్ద పిల్లాడు ఏడుస్తాడు, ఒళ్లు కాలిపోతుంది, దగ్గుతాడు, కడుపు పట్టుకుని చూపిస్తాడు. నెలలోపు బిడ్డకు జబ్బు చేస్తే చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. ఏడుపు సన్నగిల్లుతుంది, చప్పరించడం తగ్గుతుంది, కాళ్లూ చేతులూ వేలాడిపోతాయి, ఒళ్లు కాలడానికి బదులు చల్లబడుతుంది. పైకి చూస్తే బుద్ధిగా నిద్రపోతున్న బిడ్డే. లేని దాన్ని చూడటం ఉన్న దాన్ని చూడటం కంటే ఎప్పుడూ కష్టం, ఆశమ్మ పనిలో అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ముందు కొన్ని లెక్కలు. పుట్టిన 28 రోజుల్లోపు జరిగే మరణాలను నవజాత శిశు మరణాలంటారు. జనన మరణాల లెక్కలు తీసే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ప్రకారం 2020లో మన దేశంలో ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 20 మంది ఇలా పోయారు. వీటిలో దాదాపు ముప్పావు వంతు మొదటి వారంలోనే జరుగుతాయి. పెద్ద కారణాలు నాలుగు: నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే లోపాలు. మొదటి రెండింటిలో ఎక్కువ భాగం కాన్పు గదిలోనే తేలిపోతుంది, అక్కడ ఆశమ్మ చేయగలిగింది తక్కువ. ఇంటికొచ్చిన బిడ్డను దొంగలా పట్టుకునేది మూడోది, ఇన్ఫెక్షన్. దానితోపాటు బరువు తక్కువ బిడ్డకు చలి సోకడం, పాలు చాలకపోవడం కూడా ఇంట్లోనే నడిచే కథలు.

దీనికోసమే 2011లో కేంద్రం ‘ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ’ కార్యక్రమం తెచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశమ్మ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలుపుకుని ఏడుసార్లు. ఇప్పుడు మన రాష్ట్రంలో కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే కాబట్టి మామూలుగా ఆరు అనుకోవాలి.

ఈ ఆరు తేదీలను ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య నాలుగు రోజులు, ఏడుకూ పద్నాలుగుకూ మధ్య వారం. పసికందు రక్తంలో ఇన్ఫెక్షన్ చేరితే పొద్దున బాగున్న బిడ్డ మరుసటి రోజుకు చేతికి అందకుండా పోవచ్చు. అంటే ఆశమ్మ సరిగ్గా జబ్బు మొదలైన రోజే ఇంటికి రావడమన్నది లాటరీ లాంటిది. ఆరుసార్లు వచ్చి జబ్బు పట్టుకుంటుందని ఈ కార్యక్రమాన్ని అర్థం చేసుకుంటే తప్పుగా అర్థం చేసుకున్నట్టే. తను లేని 36 రోజులు ఇంట్లో ఉండే కళ్లకు ఏం చూడాలో నేర్పి పోవడం, జబ్బు కనపడితే తనకు ఫోన్ వచ్చేలా చేసుకోవడం, ఆమె అసలు పని ఇదే. చెకప్ దాని తర్వాత. శిక్షణల్లో ఈ వరస తిరగబడినట్టు కనిపిస్తుంది, రిజిస్టర్లో అయితే తప్పకుండా తిరగబడింది, ఎందుకంటే అందులో బరువుకు గడి ఉంది, ఉష్ణోగ్రతకు గడి ఉంది, అవ్వకు ఏం అర్థమైంది అన్నదానికి గడి లేదు.

ఇక పని దగ్గరికి వద్దాం. ఆదోని దాటి కోసిగి వైపు ఒక ఊరు అనుకోండి. బండలు పరిచిన మిద్దె, లోపలి గదిలో మంచం, కిటికీ మూసి ఉంటుంది, బాలింతకు గాలి తగలకూడదని. ఒక మూల కుంపటి, సాంబ్రాణి పొగ. బిడ్డ రెండు మూడు పాత చీర ముక్కల్లో చుట్టి ఉంది, కనిపించేది నుదురూ ముక్కూ మాత్రమే. ఆశమ్మ చెప్పులు బయట విడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని లోపలికి వస్తుంది. ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది: “పాలు తాగుతాండాడా?” జవాబు ప్రతి ఇంట్లో ఒకటే: “ఆ, తాగుతాండాడు.” ఈ ప్రశ్నకు ‘లేదు’ అని చెప్పే తల్లి అరుదు. లేదంటే తప్పు తనదే అన్నట్టు ఉంటుంది, పైగా పక్కన అత్తో అమ్మో నిలబడి ఉంటారు.

అనుభవం ఉన్న ఆశమ్మలు అలా అడగరు. “రాత్రి అన్నం తిన్న తర్వాత ఎన్నిసార్లు పట్టినావు?” అంటారు. “నిన్న ఎంతసేపు తాగినాడు, ఈ పొద్దు ఎంతసేపు?” అంటారు. “తడి గుడ్డలు ఎన్ని మార్చినావు?” అని కూడా అడుగుతారు, ఎందుకంటే పాలు ఎన్ని పోయాయో కనిపించదు గానీ ఎన్ని బయటికొచ్చాయో కనిపిస్తుంది. ఐదారు రోజుల బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి, ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగాలి. ఇవన్నీ అయ్యాక, “ఏదీ, నా ముందర ఒకసారి పట్టు” అంటారు. అక్కడ తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నోరు బాగా తెరిచి పట్టుకుని, లోతుగా చప్పరించి, మధ్యలో ఆగి, మింగి, మళ్లీ చప్పరిస్తుంది. జబ్బు బిడ్డ రెండుసార్లు పెదవులు కదిపి వదిలేస్తుంది, లేదా రొమ్ము నోట్లో పెట్టుకుని అలాగే నిద్రపోతుంది. చూసే అవ్వకు అది “తాగుతాండాడు”.

ఇలాంటి గదిలోనే తల్లి ఒక్కోసారి గొంతు తగ్గించి, “నిన్నటి మాదిరి లేడక్కా” అంటుంది. ఏమైంది అంటే చెప్పలేదు. ఇంత బలమైన లక్షణం ఇంకోటి లేదనే చెప్పాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1990లలో పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసికందుల జబ్బులు గుర్తుపట్టించింది. వాళ్ల గుర్తుల్లో సగం ‘మార్పు’ భాషలోనే ఉన్నాయి. ఇంతకు ముందు గట్టిగా ఏడ్చే బిడ్డ ఏడుపు సన్నబడిందా లేక ఆగిందా, ఇంతకు ముందు బాగా కదిలిన కాళ్లూ చేతులూ వేలాడుతున్నాయా, పాలు తాగడం తగ్గిందా లేక మానేసిందా? దీనికి నిన్న బిడ్డ ఎలా ఉందో తెలిసిన మనిషి కావాలి. ఎంత పెద్ద డాక్టరైనా బిడ్డను మొదటిసారి చూసేది ఈరోజే, నిన్నటి బిడ్డ తెలిసింది తల్లికే. ఆ గ్రామాల్లో కార్యకర్తలు జబ్బు గుర్తుపట్టడమే కాదు, నోటి మందూ జెంటామైసిన్ ఇంజెక్షనూ కూడా ఇచ్చారు. మూడో ఏటికి, ఈ ఏర్పాటు లేని పక్క గ్రామాలతో పోలిస్తే నవజాత మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయింది. మన ఆశమ్మల ఇంటి సందర్శనలకు మూలం అక్కడే ఉంది. ఇంజెక్షన్ మాత్రం ఆశమ్మ చేతికి రాలేదు, ఆ సంగతి తర్వాత.

ఊపిరి లెక్క గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే చూడటానికి అన్నిటికంటే తేలిక, చేయడానికి అన్నిటికంటే కష్టం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తే వేగం అనుకోవాలి. చుట్టిన గుడ్డలు విప్పాలి, చొక్కా పైకి లేపాలి, కడుపు లేవడం పడటం కనపడాలి. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. చీకటి గదిలో ఇదేం కుదరదు, తలుపు దగ్గరికి రావాలి, అక్కడ అవ్వ “గాలి తగుల్తాది” అంటుంది, ఆమెను ఒప్పించాలి. చేతిలో వాచీ పట్టుకుని ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను కడుపు మీద పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టాలి.

ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. పసికందు ఊపిరి గడియారంలా నడవదు. గబగబా పది తీస్తుంది, ఐదారు సెకన్లు ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది, ఇది మామూలే. గబగబా తీసే ముప్పై సెకన్లు దొరికితే లేని జబ్బు కనిపిస్తుంది, ఆగిన ముప్పై సెకన్లు దొరికితే ఉన్న జబ్బు తప్పిపోతుంది. అందుకే నిండు నిమిషం, 60 దాటితే మళ్లీ ఇంకో నిమిషం. రెండోసారీ దాటితేనే వేగం అనాలి. లెక్క మధ్యలో బిడ్డ తుమ్మితే, ఒళ్లు విరుచుకుంటే, ఎవరో వచ్చి “ఏమైంది మ్మే” అని పలకరిస్తే మళ్లీ మొదటినుంచి. 47 దగ్గర ఉన్నప్పుడు కరెంటు పోతే ఆశమ్మ మనసులో ఏమనుకుంటుందో ఇక్కడ రాయలేం. లెక్క రాని మంత్రసానుల కోసం గడ్చిరోలిలో పూసలతో ఊపిరి లెక్కించే పరికరం తయారుచేశారు, పది ఊపిర్లకు ఒక పూస జరపడమే. చదువు లేకపోయినా జబ్బు పట్టుకోవచ్చని అది చూపించింది.

ఊపిరితో పాటు చూసేది డొక్కలు. “పక్కలెగరేస్తాండాడు” అనే మాట ఈ మూడు జిల్లాల్లో ఏ ముసలమ్మకైనా తెలుసు, ఆశమ్మ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. లోపలికి ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంటలా పోవడమే అది. అయితే పసికందు ఎముకలు మెత్తన కాబట్టి కొంచెం లోపలికి పోవడం మామూలే. చూడగానే తెలిసేంత లోతుగా, ప్రతి ఊపిరికీ పోతుంటేనే ప్రమాదం. మూలుగు వినిపించినా, పెదవులు నీలంగా మారినా ఇంక లెక్కపెడుతూ కూర్చోకూడదు, బండి పిలవాలి.

జ్వరం విషయంలో మన అలవాట్లన్నీ తిరగేసుకోవాలి. మనకు జబ్బంటే ఒళ్లు కాలడం. పసికందుకు ఒళ్లు చల్లబడటం అంతకంటే చెడ్డ కబురు కావచ్చు, ఒంట్లో వేడి పుట్టించే శక్తి అప్పటికి దానికి చాలా తక్కువ. చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తే 37.5 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 99.5, లేదా అంతకు మించితే జ్వరం. 35.5 కంటే, అంటే 95.9 కంటే తగ్గితే ప్రమాదకరమైన చల్లదనం. థర్మామీటర్ లేని ఇంట్లో చెయ్యి వెనక్కి తిప్పి ముందు కడుపు తాకాలి, తర్వాత పాదాలు తాకాలి. కడుపు వెచ్చగా పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైందని అర్థం, తల్లి గుండెకు ఆనించి కప్పేయాలి. కడుపు కూడా చల్లగా ఉంటే ఆలస్యం పనికిరాదు.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనో కర్నూలులోనో రేకుల ఇంట్లో మూడు గుడ్డలు చుట్టిన బిడ్డ ఒళ్లు 99.5 దాటడానికి ఇన్ఫెక్షనే అక్కర్లేదు. అది ఎండ వేడి కావచ్చు, పాలు చాలక కావచ్చు. గుడ్డలు వదులు చేసి, చల్లటి చోటికి మార్చి, పాలు పట్టించి అరగంట తర్వాత మళ్లీ చూస్తే కొంత తేలుతుంది. కానీ ‘ఎండ వేడిమిలే’ అని వదిలేయడానికి ఒక షరతు ఉండాలి. బిడ్డ గట్టిగా ఏడవాలి, బాగా తాగాలి, బాగా కదలాలి. మూడింటిలో ఒక్కటి తగ్గినా ఎండ మీద నెట్టేయకూడదు.

2008లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక అధ్యయనం ఈ గుర్తులన్నిటినీ జల్లెడ పట్టింది. భారత్‌తో సహా ఆరు దేశాల్లో, ఆసుపత్రులకు జబ్బుతో తెచ్చిన రెండు నెలల లోపు బిడ్డలు 8,889 మందిని చూశారు. చివరికి ఏడు గుర్తులు చాలన్నారు: పాలు తాగలేకపోతున్నాడని తల్లి చెప్పడం, ఫిట్స్ వచ్చాయని చెప్పడం, తట్టిలేపితే తప్ప కదలకపోవడం, ఊపిరి 60 లేదా ఎక్కువ ఉండటం, డొక్కలు బాగా లోపలికి పోవడం, జ్వరం, చల్లబడటం. ఏడింటిలో మొదటి రెండూ తల్లి నోటి మాటలే అన్నది గమనించాలి. ఒక్క గుర్తు ఉన్నా పంపేయాలి. మొదటి వారం బిడ్డల్లో ఈ పద్ధతి నిజంగా ఆసుపత్రి అవసరమైన వాళ్లలో 85 శాతం మందిని పట్టుకుంది, అవసరం లేని వాళ్లలో 75 శాతం మందిని సరిగ్గా వదిలేసింది.

వినడానికి బాగుంది. పల్లెలో దీని అర్థమేంటో చూద్దాం. వంద మంది బిడ్డలున్నారు, వాళ్లలో నిజంగా పెద్ద జబ్బున్న వాళ్లు పది మంది అనుకుందాం. ఆ పదిలో ఎనిమిది తొమ్మిది మందిని పద్ధతి పట్టుకుంటుంది. మిగతా తొంభైలో పాతిక శాతం, అంటే ఇరవై రెండు ఇరవై మూడు మందిని కూడా ‘ఆసుపత్రికి’ అంటుంది. మొత్తం ముప్పై ఒక్క మందిని పంపితే అందులో ఇరవై మందికి పైగా “ఏమీ లేదు, ఇంటికి పోండి” అనిపించుకుని తిరిగొస్తారు. ఇళ్లల్లో తిరిగే ఆశమ్మకు ఎదురయ్యే బిడ్డల్లో జబ్బున్న వాళ్లు ఇంకా తక్కువ కాబట్టి ఉత్తుత్తి ప్రయాణాల వాటా ఇంకా పెరుగుతుంది. వైద్యం వైపు నుంచి చూస్తే ఇది మంచి బేరమే, ఇరవై మంది ఊరికే తిరిగొచ్చినా ఎనిమిది మంది బతుకుతారు. ఊరి వైపు నుంచి చూస్తే మాత్రం ఖర్చు వేరే వాళ్లది. ఒక రోజు కూలి పోయింది, ఆటోకు ఇచ్చారు, బాలింతను ఎండలో తిప్పారు, చివరికి ఏమీ లేదన్నారు. రెండుసార్లు ఇలా జరిగితే “ఆశమ్మ ఊరికే టెన్షన్ పెడతాది” అన్న పేరు వస్తుంది, మూడోసారి నిజంగా పక్కలెగరేస్తున్న బిడ్డను చూసి పొమ్మన్నా ఎవరూ కదలరు.

దీనికి మందు ఆశమ్మ దగ్గర లేదు, ఆసుపత్రి దగ్గర ఉంది. ఏమీ లేదని తిప్పి పంపే కుటుంబంతో అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లు “దీనికే తెచ్చారా” అనకుండా, “తెచ్చి మంచి పని చేశారు, ఇప్పుడు బాగున్నాడు, మళ్లీ ఇలా ఉంటే మళ్లీ రండి” అని ఒక్క మాట అంటే ఆశమ్మ పరువు నిలబడుతుంది. ఆ మాటకు బడ్జెట్ అక్కర్లేదు, అయినా అది ఎందుకు ఇంత ఖరీదై కూర్చుందో అర్థం కాదు.

పచ్చకామెర్లు, బొడ్డు, ఈ రెండూ త్వరగా చెప్పుకోవచ్చు. రెండో మూడో రోజున ముఖం పచ్చబడి, పది పద్నాలుగు రోజుల్లో పోయేది చాలామందికి వచ్చేదే. మొదటి 24 గంటల్లోనే వస్తే, లేదా అరచేతులు అరికాళ్లదాకా దిగితే ఆగకూడదు. చామనచాయ బిడ్డల్లో పసుపు తేలిగ్గా కనిపించదు కాబట్టి పగటి వెలుతురులో నుదుటి మీద వేలితో నొక్కి వదిలి చూడాలి. స్నానానికి ముందు ఒళ్లంతా పసుపూ నూనే రాసే ఇళ్లల్లో ఇదొక పరీక్షే. బొడ్డుకు ఏమీ రాయకపోవడమే మందు. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా చూపించాలి. ఎక్కిళ్లు, తుమ్ములు, చర్మం పొరలు లేవడం, ఆడపిల్లకు నాలుగైదు రోజులప్పుడు రెండు చుక్కల రక్తం కనపడటం, మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బడం, ఇవేవీ జబ్బులు కావు. ఆ రొమ్ములను పిండి పాలు తీసే అలవాటు మాత్రం జబ్బును కొని తెచ్చేదే.

బరువు తూచడం ఇంకో ముచ్చట. స్ప్రింగు త్రాసుకు జోలె కట్టి, ముల్లు సున్నా మీదకు తెచ్చి, బిడ్డ గుడ్డలు తీసి అందులో పడుకోబెట్టి పైకి లేపుతారు. ముల్లు ఎర్ర రంగులో ఆగిందా, పసుపులోనా, పచ్చలోనా అన్నది ఇంట్లో అందరికీ కనపడుతుంది, అదే దాని గొప్ప. కొన్ని ఇళ్లల్లో తూచితే దిష్టి తగులుతుందని ఒప్పుకోరు. ఆశమ్మ ఒక నల్ల బొట్టు పెట్టించి తూచి పోతే గొడవ ఉండదు. మొదటి రోజుల్లో పది శాతం దాకా బరువు తగ్గడం సహజం, పది పద్నాలుగు రోజులకల్లా పుట్టిన బరువు మళ్లీ రావాలి. పద్నాలుగో రోజున కూడా ముల్లు వెనకే ఉంటే బిడ్డ ఎంత హాయిగా కనపడినా ఏదో తేడా ఉన్నట్టే. పుట్టుకతో 2,500 గ్రాముల లోపు ఉన్న బిడ్డను రెండు కళ్లతో కాదు, నాలుగు కళ్లతో చూసుకోవాలి.

జబ్బు గుర్తుపట్టారు, బాగుంది. తర్వాత? ఆరోగ్య రంగంలో ‘మూడు ఆలస్యాలు’ అని ఒక లెక్క ఉంది: పోవాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మొదటిదే మన ఇళ్లల్లో పెద్దది. గాలి సోకిందనుకుంటే తాయెత్తు కట్టే మనిషి దగ్గరికి, అక్కడి నుంచి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆయన ఒక సూది వేసి సాయంత్రం దాకా చూద్దామంటాడు, సాయంత్రం బిడ్డ నాన్న పొలం నుంచి రావాలి. పన్నెండు గంటలు ఇట్లే పోతాయి. కొందరు ఆశమ్మలు తాయెత్తుతో కొట్లాటకు దిగి ఓడిపోతారు. తెలివైన వాళ్లు “కట్టించుకో అవ్వా, నేనేం వద్దనల్యా, కట్టించుకుని ఇట్నుంచి ఇట్లే బండెక్కుదాం” అంటారు. దారం పది నిమిషాల పని, అది బిడ్డను చంపదు, దాని పేరుతో పోగొట్టుకునే పూట చంపుతుంది. నోట్లో వస, ఆముదం పోయడం, వాతలు పెట్టడం మాత్రం వేరే సంగతి. అక్కడ మొహమాటం లేకుండా అడ్డం పడాల్సిందే.

రెండో ఆలస్యం రోడ్డు. 108 బండ్లు ఈ రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతున్నాయి, జబ్బు చేసిన పసికందుకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, రవాణా ఉచితమని జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లోనే చెప్పింది. అయినా ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో జబ్బు పసికందులకు ప్రత్యేక యూనిట్లున్నాయి, రాయదుర్గం వైపు వాళ్లకు ఒక్కోసారి బళ్లారే దగ్గర, మడకశిర వైపు వాళ్లు కర్ణాటక వైపు చూస్తారు. దారిలో బిడ్డ చల్లబడితే, చక్కెర పడిపోతే ఆసుపత్రి గుమ్మం దగ్గరికి చేరేది ఇంకా పెద్ద జబ్బుతో. అందుకే బండెక్కే ముందు తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను పెట్టి పైనుంచి కట్టేయాలి, తలకు టోపీ, తాగగలిగితే దారంతా పాలు, చప్పరించలేకపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో. కుంపటీ సాంబ్రాణీ కంటే ఇది ఎక్కువ వెచ్చదనం ఇస్తుంది, ఖర్చు సున్నా.

పోవడానికి ససేమిరా ఒప్పుకోని కుటుంబాల కోసం 2014లో కేంద్రం ఒక దారి తెరిచింది. ఏఎన్ఎం, అంటే పల్లెల నర్సమ్మ, సబ్ సెంటర్లోనే నోటికి అమాక్సిసిలిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, పంపేటప్పుడు మొదటి డోసు వేసి పంపొచ్చు. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. ఏడు రోజులు దాటిన బిడ్డకు ఊపిరి వేగం తప్ప ఇంకే గుర్తూ లేకపోతే నోటి మందుతోనే చూడొచ్చంది, ఏడు రోజుల లోపు బిడ్డకు మాత్రం ఆసుపత్రే మేలంది. కాగితం మీద ఉన్న ఈ దారిలో నడవాలంటే ఏఎన్ఎంకు ధైర్యం కావాలి. అయిదు రోజుల బిడ్డకు సూది వేశాక బిడ్డకు ఏమైనా అయితే ఊరు ఎవరి మీద పడుతుందో ఆమెకు బాగా తెలుసు. పైన డాక్టరు ఫోన్లో “వేయమ్మా, నేను చెప్తున్నా” అంటేనే ఆ చెయ్యి కదులుతుంది.

ఆశమ్మ సంగతికి వస్తే, వెయ్యి జనాభాకు ఒకరన్నది లెక్క. 2019లో రాష్ట్రం ఆమె పారితోషికాన్ని 3 వేల నుంచి 10 వేలు చేసింది. ఆ డబ్బుకు గర్భిణులు, టీకాలు, క్షయ, కుష్ఠు, సర్వేలు, యాప్‌లు అన్నీ ఆమెవే. థర్మామీటర్ బ్యాటరీ అయిపోతే కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు, వాచీ ఆగితే ఫోన్లో చూసుకోవాలి, ఆ ఫోన్లోనే అదే నిమిషంలో మీటింగ్ కబురు మోగుతుంది. ఊపిరి లెక్కకు నిండు నిమిషం, పాలు పట్టడం చూడటానికి పది నిమిషాలు, అవ్వతో మాటలకు ఇంకో పది. బాగా చేసిన ఒక్క సందర్శనకు ముప్పావు గంటకు తక్కువ పట్టదు. యాప్‌లో గడులు నింపడానికి ఐదు నిమిషాలు చాలు. పైనుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనపడతాయి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. గర్భిణిగా పేరు రాసుకుని, తొమ్మిది నెలలు వెంట తిరిగిన ఆశమ్మ అత్తవారి ఊళ్లో ఉంటుంది. బిడ్డ పుట్టేది వేరే మండలంలో, ఒక్కోసారి వేరే జిల్లాలో. అక్కడి ఆశమ్మకు ఈ బాలింత ఎవరో తెలియదు, తెలిసేసరికి మూడో రోజు, ఏడో రోజు రెండూ దాటిపోతాయి. మూడో నెలలో బిడ్డను ఎత్తుకుని అత్తింటికి వచ్చేటప్పటికి, ఏ రోజుల కోసమైతే ఈ కార్యక్రమం పెట్టారో ఆ రోజులన్నీ అయిపోయి ఉంటాయి. ఇద్దరు ఆశమ్మలు ఒకరికొకరు ఒక ఫోన్ చేసుకుంటే పోయేదానికి పద్ధతంటూ ఏర్పడలేదు, చేసుకునే వాళ్లు సొంత తెలివితో చేసుకుంటున్నారు.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, దీని మీద సుగ్గి, అంటే కూలి పనుల వలస, ఒకటి. వానలు లేక, పంట చేతికి రాక, మిర్చి కోతలకు గుంటూరు వైపు ఇళ్లకు ఇళ్లే తాళాలు వేసి బండెక్కుతాయి. ముసలివాళ్లు కూడా పోయే ఇళ్లల్లో బాలింతను ఒక్కదాన్నే వదిలిపెట్టలేరు, నెల తిరగని బిడ్డతో ఆమె కూడా పోతుంది. చేను గట్టున టార్పాలిన్ కింద చీర ఉయ్యాల, చుట్టూ మిరప ఘాటు, తల్లి వరసలో కాయలు కోస్తుంటే బిడ్డను చూసేది ఏడేళ్ల అక్క. నిన్న ఎంతసేపు ఏడ్చాడో, ఈరోజు ఎంతసేపు ఏడ్చాడో ఆ అక్కకు తెలియదు, ఏడవకపోతే ఆమె ఆడుకోవడానికి పోతుంది. అక్కడి ఊరి ఆశమ్మ జాబితాలో ఈ బిడ్డ పేరు లేదు. ఇక్కడి ఆశమ్మ 21వ రోజున తాళం చూసి వెనక్కి తిరిగి, రిజిస్టర్ తెరిచి, బరువు, ఉష్ణోగ్రత, ఊపిరి గడుల మీదుగా అడ్డంగా ‘ఊళ్లో లేరు’ అని రాసుకుని పోతుంది.